పెత్తనం పంచడం నేర్చుకుంటున్న సూపర్‌వైజర్లకి: తరచుగా అడిగే ప్రశ్నలు

పైడిభీమవరం వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో ఆపరేటర్‌గా చేరాను. షిఫ్ట్ ఇన్‌చార్జి అయ్యాను, చివరికి ప్రొడక్షన్ మేనేజర్‌గా రిటైరయ్యాను. ఇప్పుడు విజయనగరంలో ఉంటున్నాను. కొత్తగా సూపర్‌వైజర్లయినవాళ్లు ఆదివారాలు ఇంటికొస్తుంటారు. ఫార్మా కుర్రాళ్లు, పలాస జీడిపప్పు యూనిట్ల వాళ్లు, జూట్ మిల్లు వాళ్లు, సచివాలయం ఉద్యోగులు, ఒకరిద్దరు హెడ్‌మాస్టర్లు. మనుషులు మారుతుంటారు గానీ సందేహాలు మారవు. చెప్పిందే చెప్పి గొంతు నొప్పెట్టి ఇలా రాసిపెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## మొదలుపెట్టక ముందు

సాధికారత, సాధికారత అని మీటింగుల్లో వింటున్నాం. అసలు అదేటి సార్?

ఆ మాట గోడమీద పోస్టర్‌కి బాగుంటుంది. నేను పెత్తనం పంచడం అంటాను. నిన్నటిదాకా మీరే తేల్చాల్సిన ఒక విషయాన్ని ఇవాళ మీ కింద మనిషి మిమ్మల్ని అడక్కుండా తేల్చాడంటే మీరు పెత్తనం పంచినట్టు. టీ పార్టీ ఇవ్వడం, ఉత్తమ ఉద్యోగి ఫొటో పెట్టడం మంచివే, కానీ అవి వేరు.

పని చెప్పడానికీ పెత్తనం ఇవ్వడానికీ తేడా చూడండి. "ఈ బస్తాలు వెనక గోదాంలో పెట్టించు" అంటే పని చెప్పారు. "సాయంత్రంలోగా ఈ బస్తాలు తడవని చోటికి చేరాలి. ఎక్కడ, ఎలా, ఎంతమందితో అన్నది నువ్వే చూసుకో" అంటే పెత్తనం ఇచ్చారు. రోజుకి అలాంటి నిర్ణయం ఒక్కటి మీ చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వెళ్లాలి. నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

నేనే చిన్న సూపర్‌వైజర్‌ని. నాకే అధికారం లేదు, ఇంకొకరికి ఏమిస్తాను?

ఒక్క షిఫ్ట్ జేబులో చిన్న పుస్తకం పెట్టుకోండి. ఎవరైనా వచ్చి "ఏం చెయ్యమంటారు?" అని అడిగిన ప్రతిసారీ అదేమిటో ఒక ముక్క రాయండి. ఏ డ్రమ్ము ముందు తియ్యాలి, టీకి ఎవరు ముందు వెళ్లాలి, స్టోర్స్‌కి ఎవరు వెళ్లాలి, కొత్త కుర్రాణ్ణి ఎవరి పక్కన పెట్టాలి. ఇలా రాసి చూడమన్నప్పుడు ఒకబ్బాయి నవ్వాడు. వారం తర్వాత వస్తే రెండు పేజీలు నిండి ఉన్నాయి. అధికారం లేదనుకున్నవాడు పొద్దుటి నుంచి రాత్రిదాకా చేస్తున్నది పెత్తనమే.

ఆ జాబితాలో తప్పయినా పెద్ద నష్టం రానివి సగం ఉంటాయి. వాటితో మొదలుపెట్టండి.

అన్నీ వాళ్లే చూసుకుంటే ఇక నా విలువేముంటుంది?

ఈ ప్రశ్న పైకి అడిగేవాళ్లు తక్కువ, లోపల అందరికీ ఉంటుంది. నాకూ ఉండేది. రోజంతా నా చుట్టూ జనం మూగితే నేను లేకపోతే ప్లాంట్ నడవదని లోలోపల మురిసిపోయేవాణ్ణి. అదే కారణం చూపించి నన్ను రెండేళ్లు వేరే బాధ్యతకి పంపలేదు. "ఆ బ్లాక్‌లోంచి ఇతన్ని తీస్తే ఎవరు చూస్తారు?" అన్నారు. నా తర్వాత మనిషిని తయారు చెయ్యలేదు కాబట్టి నేనే ఇరుక్కుపోయాను.

చిన్న విషయాలు దిగిపోయాక మీ చేతికి పెద్దవి వస్తాయి. మిషన్ ఎందుకు పదేపదే ఆగుతోంది, మనుషులెందుకు మానేస్తున్నారు, వచ్చే నెల సరుకు ఎలా తెప్పించాలి లాంటివి ఆలోచించడానికి ఇప్పుడు మీకు టైం ఎక్కడుంది?

ఏది వదలొచ్చు, ఏది వదలకూడదు?

అన్నిటికన్నా జాగ్రత్తగా ఆలోచించాల్సింది ఇదే. పెత్తనం పంచడమంటే అన్ని గేట్లూ తెరిచేసి కూర్చోవడం కాదు.

మందుల ఫ్యాక్టరీలో బ్యాచ్ రికార్డులో, అంటే ఒక్కో విడత మందు ఎలా చెయ్యాలో రాసిన కాగితాల్లో ఉన్న ఉష్ణోగ్రత, టైం, కలిపే వరస ఎవరి ఇష్టానికీ వదలకూడదు. ఆపరేటర్‌కి మంచి ఆలోచన వచ్చినా అది మార్పు కోరే కాగితం మీదుగా నాణ్యతా విభాగం దాటి రావాలి. ఈ షిఫ్ట్‌లోనే చేసి చూద్దాం అంటే కుదరదు. జీడి పనిలో పిక్క పెంకులోని నూనె చేతులు కాలుస్తుంది, కాబట్టి చేతులకి రక్షణ వేసుకోవాలా వద్దా అని ఓటింగు పెట్టకండి. గ్రేడు కూడా అంతే. డబ్ల్యూ 320 అనే గ్రేడంటే పౌనుకి (అరకిలోకి కాస్త తక్కువ) 300 నుంచి 320 గుండు పప్పులు తూగాలి. కొనేవాడికి ఇచ్చిన మాట అది, దాన్ని మన టేబుల్ దగ్గర మార్చలేం. జీతం, క్రమశిక్షణ, ఒకరిమీద ఒకరు ఇచ్చే ఫిర్యాదులు కూడా కిందికి నెట్టెయ్యకూడదు. అవి మీరు మొయ్యాల్సిన బరువులే.

ఇక వదలగలిగేవి చాలా ఉన్నాయి. ఎవరు ఎక్కడ కూర్చోవాలి, పనులు ఎన్నాళ్లకోసారి మార్చుకోవాలి, సామాను ఎక్కడ పెడితే చేతికందుతుంది, కొత్తవాళ్లకి ఎవరు నేర్పాలి, శుభ్రం చేసే వరస ఏమిటి. ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఏం రావాలో మీరు చెప్పండి, ఎలా రావాలో నియమం ఉన్నచోట నియమం చెబుతుంది, నియమం లేనిచోట పనిచేసేవాళ్లు చెప్తారు.

ఒక పెత్తనం మాత్రం మొదటిరోజే అందరికీ ఇచ్చెయ్యండి. ప్రమాదం కనబడితే పని ఆపే హక్కు అది. టయోటా కార్ల ఫ్యాక్టరీల్లో లైను పక్కన తాడు ఉండేది. తేడా కనిపిస్తే ఏ కార్మికుడైనా దాన్ని లాగొచ్చు. లాగగానే టీమ్ లీడర్ వస్తాడు, సమస్య అప్పటికప్పుడు తేలకపోతే లైను ఆగుతుంది. తాడు లాగినవాడు ఎవర్నీ పర్మిషన్ అడగడు. మీ దగ్గర తాడు లేకపోవచ్చు, "ఆపేశాను సార్" అన్న మనిషిని ముందు కసరకుండా ఉండగలిగితే చాలు.

## మొదటి వారం

రేపు డ్యూటీకి వెళ్లగానే చెయ్యాల్సింది ఒక్కటి చెప్పండి. పది చెప్తే ఒక్కటీ చెయ్యను.

ఎవరైనా సమస్యతో వస్తే, జవాబు మీ నాలిక చివర ఉన్నా సరే, "నువ్వైతే ఏం చేస్తావు?" అని అడగండి. అతను చెప్పింది మీ జవాబంత గొప్పగా లేకపోయినా నష్టం లేదనిపిస్తే "సరే, అలాగే కానీ" అనండి. రోజుకి ఒక్కసారి చాలు.

అడిగాక, చివరికి మీ జవాబే అమలు చేస్తే మాత్రం అసలు అడక్కపోవడమే నయం. ఉత్తుత్తినే అడిగారని జనం ఒక్కరోజులో పసిగట్టేస్తారు.

అడిగితే అందరూ "మీ ఇష్టం సార్" అంటున్నారు. ఇక ఏం చెయ్యను?

అనరా మరి. బళ్లో మాస్టారు, ఇంట్లో నాన్న, ఊళ్లో పెద్దలు, పనిలో మేస్త్రీ చెప్పింది విని పెరిగినవాళ్లం మనం. ఉన్నట్టుండి ఒకరొచ్చి "నీ అభిప్రాయం?" అంటే ఇందులో ఏదో మెలిక ఉందనే అనుకుంటాం. "మీ ఇష్టం" అన్నది బద్ధకంతో వచ్చే మాట కాదు, తనను తాను కాపాడుకోవడానికి అనే మాట. రేపు తప్పయితే తన మీదకి రాదు కదా.

ముందు, ఆగడం నేర్చుకోండి. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలో తరగతి గదులు గమనించారు. టీచర్లు ప్రశ్న వేసి సగటున ఒక సెకను కూడా ఆగలేకపోయారు. మూడు సెకన్లు ఆగడం నేర్చుకున్నాక పిల్లల జవాబులు పెద్దవయ్యాయి, అంతవరకూ నోరు విప్పని పిల్లలూ మాట్లాడారు. మూడు సెకన్లు ఏపాటి అనిపిస్తుంది గానీ, షిఫ్ట్ టెన్షన్‌లో ఎదురుగా మనిషి నేలచూపులు చూస్తుంటే అది మూడు నిమిషాల్లా ఉంటుంది. నేను మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టుకునేవాణ్ణి.

తర్వాత ప్రశ్న సైజు తగ్గించండి. "ప్రొడక్షన్ ఎలా పెంచుదాం?" అంటే ఎవరు చెప్తారు? "ఈ రెండు ట్రాలీల్లో ఏది గుమ్మం దగ్గర పెడితే నీకు నడక తగ్గుతుంది?" అంటే గబుక్కున చెప్తాడు. వెంటనే ఆ ట్రాలీ అక్కడ పెట్టించండి, అతను చూస్తుండగా. తన మాటతో ఒక వస్తువు కదిలిందని కళ్లారా చూసినవాడు రెండోసారి "మీ ఇష్టం" అనడు. అన్నా అంత తొందరగా అనడు.

నిన్నటిదాకా పక్కన కూర్చుని క్యారేజీ తిన్నవాళ్లకి ఇవాళ నేను సూపర్‌వైజర్‌ని. ఎలా ఉండాలి?

క్యారేజీ అక్కడే తినండి. ఒక్కసారిగా "సార్" అనిపించుకోవాలని చూస్తే నవ్వులపాలవుతారు. బావా, మావా అని పిలుచుకున్నవాళ్లు అలాగే పిలుచుకోవచ్చు.

మారాల్సింది ఇంకొకటుంది. మొదటి వారంలో అందరినీ కూర్చోబెట్టి మూడు సంగతులు చెప్పండి. ఇంతకుముందులాగే ఉండేవి ఇవి, నేను తప్పనిసరిగా చెయ్యాల్సినవి ఇవి, మీరే చూసుకోవాల్సినవి ఇవి. మూడోదాంట్లో కనీసం ఒకటైనా అంతకుముందు సూపర్‌వైజర్ తన చేతిలో పెట్టుకున్నది ఉండాలి. మీరు పాత బాస్‌లా ఉండరని వాళ్లకి అప్పుడు అర్థమవుతుంది. చనువున్నవాడికి తేలిక డ్యూటీ వేశారో, ఎన్ని చెప్పినా నీళ్లలో పోసినట్టే.

అలవాటు పడటానికి 21 రోజులు చాలంటారు. నిజమేనా?

ఆ అంకె 1960లో ఒక ప్లాస్టిక్ సర్జన్ రాసిన మాటలోంచి పుట్టి ఊళ్లమీద పడింది. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని 12 వారాలు గమనించి 2010లో అచ్చువేసిన లెక్కలో సగటున 66 రోజులు పట్టింది. మనిషినీ పనినీ బట్టి 18 నుంచి 254 దాకా తేడా వచ్చింది, 12 వారాలు దాటినవి లెక్కగట్టి వేసిన అంచనాలు. అందుకని సంక్రాంతికి మొదలుపెడితే ఉగాదికి కొంచెం కుదురుకుంటుందని అనుకోండి.

## రోజూ చేసేటప్పుడు

నాకు రోజుకి పది నిమిషాలు కూడా ఖాళీ ఉండదు. ఇవన్నీ ఎప్పుడు చెయ్యను?

వీటికి వేరే టైం తియ్యకండి, తీసినా నిలవదు. ఎలాగూ చేసే పనికి తగిలించండి. నేను తగిలించినవి చెప్తాను.

షిఫ్ట్ అప్పగింత నేను చెప్పేవాణ్ణి, తర్వాత మానేశాను. ఏ పని చేసినవాళ్లు ఆ ముక్క వాళ్లే వచ్చే షిఫ్ట్‌కి చెప్పడం మొదలైంది. మొదట్లో పది నిమిషాల పని పావుగంట పట్టింది. నెల తిరిగేసరికి ఏడెనిమిది నిమిషాల్లో అయిపోయేది, నాకు తెలియని సంగతులు కూడా అందులో బయటపడేవి.

రౌండుకి వెళ్లినప్పుడు ఒక్కరి దగ్గర మాత్రం ఆగి "ఇవాళ నీకు అడ్డం పడుతున్నదేంటి?" అని అడిగేవాణ్ణి. అందరినీ అడిగితే పలకరింపులా తేలిపోతుంది. ఒక్కరిని అడిగి, అతను చెప్పినది సాయంత్రంలోగా కదిలించాలి. గ్లవ్స్ సైజు సరిపోవట్లేదనో, ఫ్యాను ఎటో తిరిగి ఉందనో, ఇలాంటివే ఉంటాయి. పెద్ద కోరికలు వస్తాయని భయపడ్డాను గానీ రాలేదు.

ఇంటికి వెళ్లేముందు బండి స్టార్ట్ చేస్తూ ఒక ప్రశ్న వేసుకునేవాణ్ణి. ఇవాళ నేను తేల్చినవాటిలో ఇంకొకరు తేల్చగలిగేది ఏది? రేపు అది వాళ్లకి వెళ్తుంది. బండి గేటు దాటేలోపు ఇదంతా అయిపోయేది.

నాకు మెచ్చుకోవడం రాదు. "వెరీ గుడ్" అంటే నాకే ఎబ్బెట్టుగా ఉంటుంది.

అనకండి. చూసింది చెప్పండి చాలు. "నిన్న వర్షానికి ముందే తలుపు దగ్గర బస్తాలు లోపలికి జరిపించావట, లేకపోతే తడిసిపోయేవి." అంతే. "వెరీ గుడ్" ఎవరికైనా చెప్పొచ్చు, ఈ మాట అతనొక్కడికే చెల్లుతుంది. మనవాళ్లకి నలుగురిలో పొగిడితే సిగ్గు, తర్వాత పక్కవాళ్లు ఏడిపిస్తారు కూడా. అందుకని పక్కకి వచ్చినప్పుడు చెప్పండి. పై మేనేజర్‌కి మాత్రం పేరుతో సహా నలుగురి ముందే చెప్పండి.

తప్పు చేస్తే తిట్టకుండా ఎలా? తిట్టకపోతే లోకువైపోనూ?

నా సంగతి చెప్తాను. షిఫ్ట్ ఇన్‌చార్జిగా కొత్తలో ఒక కుర్రాడు తప్పు వాల్వు తిప్పాడు. పెద్ద నష్టం ఏమీ జరగలేదు. అయినా అందరి ముందూ నోటికొచ్చినట్టు అరిచాను. మర్నాటి నుంచి షిఫ్ట్ చాలా ప్రశాంతంగా నడిచింది. చిన్న తప్పు కూడా నా దాకా రాలేదు. నా క్రమశిక్షణకి నేనే భుజం తట్టుకున్నాను. మూడు వారాలకి ఒక బ్యాచ్ సగం పోయింది. సాయంత్రం ఆరింటికే ఒకరికి తేడా తెలిసింది, చెప్పడానికి భయపడి రాత్రి పదికి షిఫ్ట్ మారేదాకా ఆగారు. ఎవరు ఆగారో వేరే చెప్పక్కర్లేదు, ఆ వాల్వు కుర్రాడే. నాలుగు గంటల ముందు చెప్పి ఉంటే బ్యాచ్ దక్కేది. ఎంక్వయిరీలో అతని పేరు రాశారు. నా పేరు రాయాల్సింది.

హార్వర్డ్ ప్రొఫెసర్ ఆమీ ఎడ్మండ్సన్ 1990లలో ఆసుపత్రి టీములు చూసినప్పుడు మంచి టీముల్లోనే మందుల పొరపాట్లు ఎక్కువ నమోదయ్యాయట. ముందు ఆమెకే అర్థం కాలేదు. తర్వాత తేలింది ఏమిటంటే, ఆ టీముల్లో తప్పులు ఎక్కువ జరగడం లేదు, దాచకుండా చెప్తున్నారు.

కాబట్టి ఎవరైనా వచ్చి "సార్, పొరపాటైంది" అంటే ముందు "చెప్పావు, మంచిపని చేశావు" అనండి. కోపంగా ఉన్నా సరే అనండి. తర్వాత "ఇప్పుడేం చేద్దాం?" అడగండి. ఎందుకు జరిగిందన్నది పని కుదుటపడ్డాక, పక్కకి తీసుకెళ్లి. దాచినవాణ్ణి, తెలిసి తెలిసి నియమం దాటినవాణ్ణి మాత్రం గట్టిగానే అడగాలి. అక్కడ మెత్తబడితే నిజంగానే లోకువవుతారు.

పని అప్పజెప్పాక మధ్యలో చూడాలా, పూర్తిగా వదిలెయ్యాలా?

ఎప్పుడు చూస్తారో ముందే చెప్పి చూడండి. "మధ్యాహ్నం టీ టైంకి ఒకసారి వస్తా" అంటే అతనికి బెంగ ఉండదు. చెప్పకుండా వెనకనుంచి తొంగిచూస్తే నమ్మకం లేదని అర్థం. కొత్తవాడి దగ్గరికి గంటకోసారి, చెయ్యి తిరిగినవాడి దగ్గరికి రోజుకోసారి వెళ్తే సరిపోతుంది. అందరికీ ఒకే కొలత పెట్టకండి.

వాట్సాప్ గ్రూపులో రాత్రీ పగలూ మెసేజీలు పెడుతుంటాను. తప్పా?

రాత్రి తొమ్మిదయ్యాక మీరు పెట్టిన ప్రతి మెసేజీ "నన్ను అడక్కుండా ఏదీ చెయ్యకండి" అని చెప్తున్నట్టే. నిప్పు, ప్రమాదం, కరెంటు లాంటివి అయితే ఫోన్ చెయ్యండి, మిగతావి పొద్దున్నకి. అలాగే గ్రూపులో ఎవరి తప్పూ ఫొటో తీసి పెట్టకండి.

పండగ లీవుల దగ్గర ప్రతిసారీ గొడవే. ఇందులో పెత్తనం ఏం పంచుతాం?

పంచడానికి ఇంతకన్నా మంచిది దొరకదు. దసరా తర్వాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను రోజు విజయనగరంలో ఎవరు డ్యూటీకి వస్తామంటారు? సంక్రాంతి అయితే సరేసరి. నేను లిస్టు వేసినన్నాళ్లూ ఎవరికో ఒకరికి అన్యాయం చేశాననే పేరు వచ్చింది.

ఒక ఏడాది సంక్రాంతికి నా షిఫ్ట్‌లోని పన్నెండుమందిని కూర్చోబెట్టి చెప్పాను. "ఆ మూడు రోజులూ మన షిఫ్ట్‌లో రోజుకి ఐదుగురు ఉండాలి, వాళ్లలో ఇద్దరు రియాక్టర్ (రసాయనాలు కలిపే పెద్ద పాత్ర) తెలిసినవాళ్లు. మిగతాది మీరే తేల్చుకుని శుక్రవారానికి కాగితం ఇవ్వండి." రెండురోజులు గట్టిగా వాదించుకున్నారు. మూడోరోజు తెచ్చిన లిస్టు చూసి ఆశ్చర్యపోయాను. చంటిబిడ్డ తొలి పండగ ఉన్న ఒకతనికి అందరూ కలిసి మూడు రోజులూ వదిలేశారు. ఆ సంగతి నాకు తెలియనే తెలియదు. నేను వేసి ఉంటే అతనికి ఒక్కరోజు ఇచ్చేవాణ్ణి.

ఇక్కడ హద్దులు ముందే చెప్పడం ముఖ్యం. హద్దులు చెప్పకుండా "మీరే తేల్చుకోండి" అని, తర్వాత ఇది కుదరదంటే ఇంకోసారి ఎవరూ కూర్చోరు.

## చిక్కులు వచ్చినప్పుడు

నేను ఆడపిల్లని, వయసు 26. నా కింద యాభై దాటిన మేస్త్రీలున్నారు. "నీకేం తెలుసమ్మా" అంటారు.

వాళ్లకి తెలిసింది మీకు తెలియదు, అది నిజమే. దాన్ని దాచే ప్రయత్నం చెయ్యకండి. బాబాయ్ అని పిలుస్తారో, పేరుకి గారు తగిలిస్తారో మీ ఇష్టం, కానీ "మీరు" అనే మాట తప్పకూడదు. "బాబాయ్, ఈ మిషన్ శబ్దం మారింది, మీరేమంటారు?" అని అడిగి, చెప్పింది లాగ్‌బుక్‌లో ఆయన పేరుతో రాయండి. తన అనుభవం కాగితం మీదకి ఎక్కడం ఆయన ఉద్యోగంలో అదే మొదటిసారి కావచ్చు.

అయితే గౌరవం వేరు, నియమం వేరు. హెల్మెట్ పెట్టుకోకపోతే "బాబాయ్, పెట్టుకున్నాకే లోపలికి" అని నవ్వుతూనే గుమ్మం దగ్గర నిలబడండి. కొత్త కుర్రాళ్లకి నేర్పే పని పూర్తిగా ఆయనకి అప్పజెప్పండి. నేను చూసినంతలో, ఎదురు మాట్లాడే పెద్దవాళ్లలో చాలామంది తమ విలువ ఎక్కడ పోతుందోనని భయపడుతున్నవాళ్లే.

మా యూనిట్‌లో తొంభై శాతం ఆడవాళ్లే. నేను మగ సూపర్‌వైజర్‌ని. ఏమైనా ప్రత్యేకంగా చూసుకోవాలా?

ముందు వాళ్ల మధ్య ఎవరి మాట నడుస్తోందో గమనించండి. పలాస వైపు పీలింగ్, గ్రేడింగ్ టేబుళ్ల దగ్గర అందరూ అప్పా (అక్కా) అని పిలిచే ఒకావిడ ఉంటుంది. ఏ పదవీ లేకపోయినా గొడవలు తీర్చేది ఆవిడే. ఆమెను పక్కనపెట్టి మీరొక లీడర్‌ని తయారు చెయ్యబోతే పని చెడుతుంది. మీటింగ్ సాయంత్రం పెట్టకండి. ఆటో వెళ్లిపోతుంది, ఇంటిదగ్గర పొయ్యి వెలిగించాలి. అలాంటప్పుడు ఎవరు నోరు విప్పుతారు?

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. పనిచోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం ప్రకారం పదిమంది, ఆపైన పనిచేసే ప్రతి చోటా ఇంటర్నల్ కమిటీ ఉండాలి. అంతకన్నా తక్కువమంది ఉంటే జిల్లా స్థాయి లోకల్ కమిటీకి ఫిర్యాదు చెయ్యొచ్చు. మామూలుగా ఘటన జరిగిన మూడు నెలల్లోపు ఇవ్వాలి. కమిటీలో ఎవరున్నారో పేర్లు అందరికీ కనిపించేలా తెలుగులో గోడకి అంటించండి. ఇలాంటి ఫిర్యాదు "మీలో మీరు మాట్లాడుకోండి" అని వదిలే విషయం కాదు.

ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన కుర్రాళ్లున్నారు. భాషే రాదు, ఇక అభిప్రాయం ఏమడుగుతాను?

శ్రీకాకుళం జిల్లాలో ఒడియాకి ఎవరు దొరకరు? ఇచ్ఛాపురం, సోంపేట వైపు మనిషి ఒక్కరు టీమ్‌లో ఉంటే చాలు. ఇక చూపించి అడగండి. "ఇలాగా, అలాగా?" అని చేతులతో అడిగినా జవాబు వస్తుంది. మనవాళ్లు గుజరాత్ వేరావల్‌కి చేపల వేటకి వెళ్లినప్పుడు, చెన్నైలో కట్టడం పనికి వెళ్లినప్పుడు ఎలా చూస్తే బాగుండు అనుకున్నామో, అలా చూడండి.

వాళ్ల నిర్ణయం తప్పయితే పైవాళ్లు నన్నే తిడతారు కదా?

తిడతారు. తిట్లు మీరే తినండి. పై మేనేజర్ ముందు "నేనే అలా చెయ్యమన్నాను" అనండి, కిందికి వచ్చాక ఆ తిట్టుని దింపెయ్యకండి. ఒక్కసారి మీరు అలా నిలబడ్డారని తెలిస్తే వాళ్లు తర్వాతి నిర్ణయం మీకన్నా జాగ్రత్తగా తీసుకుంటారు. అది చెయ్యలేనంత భయంగా ఉంటే మీరు ఇచ్చిన పెత్తనం మీ బలానికి మించినదన్నమాట, ఇంకా చిన్నది ఇవ్వండి.

మా ఓనర్ ప్రతిదీ తననే అడగమంటాడు. నేనేం చెయ్యగలను?

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి, రోడ్లమీద చెట్లు పడ్డాయి. నాకు తెలిసిన ఒక జీడిపప్పు యూనిట్‌లో లోపలి గోదాం తాళాలు ఓనర్ దగ్గర, ఓనర్ విశాఖలో. ముందురోజు సాయంత్రమే గాలి పెరుగుతుంటే ఇద్దరు ముగ్గురు పనివాళ్లు సరుకు ఎత్తున పెడదామన్నారట. తాళం పగలగొట్టే ధైర్యం ఎవరికీ లేదు. తడిసిన పప్పు ఎంత పోయిందో ఆయన ఇప్పటికీ చెప్పుకోడు. ఆ తర్వాత మాత్రం రెండో తాళంచెవి సూపర్‌వైజరమ్మ కొంగుకి వచ్చింది.

మీ ఓనర్‌కి సిద్ధాంతాలు చెప్పకండి. "మీరు ఫోన్‌లో దొరకనప్పుడు ఈ మూడు విషయాలు నేను తేల్చొచ్చా? తేల్చాక రాసి చూపిస్తాను" అని అడగండి. మూడు విషయాలు, ఖర్చు ఎంత దాటకూడదో ఒక అంకె. చాలామంది ఒప్పుకుంటారు. రోజుకి ముప్ఫై ఫోన్లు ఎత్తడం ఆయనకి మాత్రం సరదానా?

స్వేచ్ఛ ఇస్తే ఒకడు పని ఎగ్గొడుతున్నాడు.

ఒక్కడి కోసం పదకొండుమంది దగ్గర పెత్తనం వెనక్కి లాక్కోకండి. అతనితో విడిగా కూర్చోండి, ఏం రావాలో మళ్లీ స్పష్టంగా చెప్పండి, రెండువారాలు రోజూ చూడండి. ఇంట్లో కష్టం ఉందా అని కూడా అడగండి. ఉద్దానం పల్లెల నుంచి వచ్చేవాళ్లలో ఇంట్లో కిడ్నీ జబ్బు మనిషిని డయాలసిస్‌కి తిప్పుతున్నవాళ్లు ఉంటారు, అడిగితే గానీ చెప్పరు. కారణం ఏదీ లేకుండా అదే తీరైతే నిబంధన ప్రకారం వెళ్లండి.

## కొన్ని నెలలయ్యాక

ఇది పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది?

లీవు పెట్టి చూడండి. రెండురోజులు సెలవు పెడితే మీకు ఎన్ని ఫోన్లు వచ్చాయి? మొదటి నెలలో ఎన్ని, నాలుగో నెలలో ఎన్ని అని రాసుకోండి. ఇంకో గుర్తు, మీతో "అలా వద్దు సార్" అనేవాళ్లు ఒకరిద్దరు తయారవుతారు. వినడానికి కొంచెం కష్టంగానే ఉంటుంది. చెడ్డ వార్త మీ చెవిన ముందు పడుతోందా, పై మేనేజర్ చెవిన పడ్డాక మీ దాకా వస్తోందా అన్నది కూడా చూసుకోండి.

ప్రొడక్షన్ అంకె వెంటనే పెరగకపోవచ్చు. మొదటి నెల కాస్త తగ్గినా కంగారుపడకండి. నేర్చుకునేవాడి చెయ్యి మీ చెయ్యంత వేగంగా ఆడదు.

కష్టపడి నేర్పిస్తే వైజాగ్‌కో హైదరాబాద్‌కో వెళ్లిపోతున్నారు. ఎందుకు నేర్పాలి?

వెళ్తారు. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల సంగతి తెలిసిందే కదా, ప్రతి ఊళ్లోనూ వలస వెళ్లిన ఇల్లు ఉంటుంది. జీతం కోసం వెళ్లేవాణ్ణి మీరు ఆపలేరు. కానీ నా దగ్గర మానేసినవాళ్లని వెళ్లేరోజు టీ తాగుతూ అడిగేవాణ్ణి. జీతం మాట అందరూ చెప్పారు, "ఇక్కడ మనమాట ఎవరు వింటారు సార్" అన్నది కూడా చాలామంది చెప్పారు. రెండోది మన చేతిలో ఉంది.

నెల బాగా చేశాను. ఆడిట్ వచ్చింది, టెన్షన్‌లో మళ్లీ అందరిమీదా అరిచేశాను. మొత్తం పోయినట్టేనా?

పోలేదు. అలవాట్ల మీద లండన్‌లో చేసిన పరిశోధనలో ఒకరోజు తప్పినంత మాత్రాన పెద్ద తేడా రాలేదని తేలింది. మర్నాడు షిఫ్ట్ మొదట్లో, అరిచింది ఎవరి ముందో వాళ్ల ముందే "నిన్న నేను అరవకుండా ఉండాల్సింది" అనండి. వివరణలు వద్దు, ఆడిట్ పేరు చెప్పొద్దు. చెప్పేసి, ఆడిట్ భయంతో మీరు వెనక్కి లాక్కున్న పనుల్లో ఒకటి అక్కడికక్కడే తిరిగి ఇచ్చెయ్యండి. లాగ్‌బుక్ చెక్ చెయ్యడమో, స్టోర్స్ ఇండెంట్ (సామాను కావాలని ఇచ్చే చీటీ) రాయడమో ఏదైనా సరే. నేను ఇలా రెండుసార్లు చెప్పుకోవాల్సి వచ్చింది. రెండోసారి చెప్పబోతుంటే ఒక ఆపరేటర్ అడ్డుపడి, "తెలుసు సార్, ఇండెంట్ బుక్ ఇటివ్వండి" అన్నాడు.